ఎడమ చెవి

పరదేశిపాలెంలో వాన వెలిసిన పొద్దున
అపార్ట్‌మెంటు ప్రహరీకీ కొండవాలుకీ మధ్య ఇరుకులో
నాలుగు రేకుల సాల.
నా సంచిలో పసుపు బిళ్ళలు పాతిక,
ఒక్కోదాని మీద పన్నెండంకెలు,
బిళ్ళ కుట్టే కత్తెర, అయోడిన్ సీసా,
సగం చార్జింగున్న ఫోను.

ఒమ్మి కన్నమ్మ పేడచేతులు గోనెకి తుడుచుకుంది.
"ఈని తొమ్మిదొద్దులు బాబూ.
జున్ను నీకట్టిపెడదామనుకున్నాను, గుంటలు ఒగ్గలేదు."

కాగితంలో ఇలా ఉంటుంది:
పుట్టిన ప్రతి దూడకీ ఒక సంఖ్య.
ఒక చెవికిచ్చింది ఇంకో చెవికి పోదు.
తల్లిది రాయాలి. తండ్రిది, తెలిస్తే.
ఊరు మారితే రాయాలి, చేతులు మారితే రాయాలి,
చచ్చిపోతే
అదీ ఆ రోజే రాయాలి.

"దీని తల్లి ఎప్పుడు పుట్టింది పిన్నీ?"
"హుద్‌హుద్ తెల్లారి.
రేకులన్నీ లేచిపోనాయి. ఇదిగో ఈ మూల
దానమ్మ నిలబడే ఈనింది.
కరెంటు లేదు, నీల్లు లేవు, పాలున్నాయి.
మేడల మీదోళ్ళు చెంబులట్టుకుని వచ్చీసినారు.
ఒక్కరి కాడా డబ్బులట్టుకోలేదు."
బొటనవేలితో నెలలు వెనక్కి తోసుకుంటూ పోయాను
ఆ అక్టోబరు దొరికేదాకా.
పదమూడు అని నొక్కాను.
గాలి సంగతి అది అడగలేదు.

"నువ్వెప్పుడు పుట్టావు మరి?"
"నానా? ఆధార్లో జనవరి ఒకటి.
మా పేట ఆడోల్లందరం ఆ రోజే పుట్టాం."

పోయిన ఈత కూడా తెర మీదకొచ్చింది.
కోడెదూడ, తెల్ల నొసలు, చివరంకెలు నాలుగు నాలుగు ఒకటి ఏడు.
"ఇదేదీ?"
ఆమె పలుపు ముడి విప్పి మళ్ళీ వేసింది.
"అప్పన్నకిచ్చీసినాం.
మనవడికి జొరం దిగితే ఇత్తామని మొక్కున్నాం. దిగింది."

చేతులు మారితే రాయాలి.
కొత్త యజమాని పేరు: సింహాద్రప్పన్న.
ఫోను నంబరు దగ్గర గడి ఎర్రబడి
ముందుకి పోనివ్వదు.
"నంబరేమన్నా తెలుసా?" అన్నాను, నవ్వుతుందని.
నవ్వలేదు.
"ఏడాదంతా గందం కప్పుకుని ఉంటాడు,
ఒక్కపూటే మొకం సూపిస్తాడు.
ఆయనెత్తుతాడేటి ఫోను?"

నా నంబరే కొట్టేశాను.

పెయ్య చెవి తమలపాకంత.
వెలుతురుకి పట్టి నరాలు తప్పించి చోటు వెతికాను.
టక్‌మంది.
తల్లి గొలుసు లాగి ఒక్క అరుపు అరిచింది,
తర్వాత మేత మీద పడిపోయింది.
ఒక్క నెత్తుటి చుక్క, దాని మీద అయోడిన్.
"పోగు బాగుందే నీకు" అంటూ కన్నమ్మ వంగి
కుడి చెవిలో ఏదో చెప్పింది.
పేరయ్యుంటుంది. నాకు వినబడలేదు,
అడగబుద్ధి కాలేదు.

ఆర్నెల్లకోసారి నాకు మెసేజి వస్తుంది:
మీ పశువుకి గాలికుంటు టీకా గడువు దగ్గరపడింది,
నాలుగు నాలుగు ఒకటి ఏడు.
నాకు పశువు లేదు. ఎంవీపీలో రెండో అంతస్తు,
బాల్కనీలో ఒక తులసి కుండీ.
ఆ మెసేజీలు మాత్రం తీసెయ్యను.

మొన్న రాత్రి హనుమంతవాక కూడలిలో
డివైడరుకానుకుని కోడెలు ఏడెనిమిది
లారీల వెలుగులో కళ్ళు మూసుకుని నెమరేస్తున్నాయి.
బండి ఆపి ఒక్కోదాని ఎడమ చెవీ చూశాను.
రెంటికి వేరే అంకెలు.
మూడింటికి అసలు కుట్టిందే లేదు.
ఒకదానికి బిళ్ళ ఊడిపోయి
చెవి కొసదాకా చిరిగి, చిరుగు మానిపోయి ఉంది.
నొసలు చూద్దామంటే బురద.
చేత్తో తుడవబోతే తల విదిల్చింది.

సిగ్నలు పడింది.
వెనక తగరపువలస బస్సు హారన్ కొడుతోంది.
అంకె లేదు గనక అదేనని రాయలేను.
కాదని మాత్రం ఎలా రాయను?